అంగట్లో అడగకూడని మాట

నాకు రోత పుట్టించేవి లోకంలో చాలానే ఉన్నాయి. వాటిలో మొదటిది కంప్యూటర్ తెర మధ్యలో ఉన్నట్టుండి ఊడిపడే చిన్న పెట్టె. మన పని మనం చేసుకుంటూ ఉంటే అది అడ్డమొచ్చి నిలబడి ఏదో అడుగుతుంది. జవాబు చెప్పేదాకా పక్కకు తప్పుకోదు. ఏం అడిగిందో అర్థం కాదు. కింద రెండో మూడో మీటలుంటాయి, ఏది నొక్కితే ఏ కొంప మునుగుతుందో తెలియదు. విసుగొచ్చి ఏదో ఒకటి నొక్కుతాం. తర్వాత తేడా వస్తే, నొక్కింది నువ్వే కదా అంటారు.

దాన్ని డైలాగ్ బాక్సు అంటారు. డైలాగ్ అంటే ఇద్దరు మాట్లాడుకోవడం. అదేమో ఒకవైపు నుంచి గద్దించడమే తప్ప మన మాట వినదు. నేను పెట్టె అనే అంటాను. ఆ పెట్టెలను మనుషులకు అర్థమయ్యేట్టు మార్చడమే నా ఉద్యోగం.

ఉండేది జమ్మలమడుగులో. పొద్దున్నే బస్సెక్కి ప్రొద్దుటూరు పోతాను. చీరల అంగళ్ల వీధిలో ఒక మేడ మీద మా ఆఫీసు. కింద చీరలు విప్పి పరుస్తూ ఉంటారు, పైన మేము మందుల అంగళ్లకు, ఎరువుల అంగళ్లకు బిల్లులేసే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తూ ఉంటాం. మా ఓనరు వ్యాపారం తెలిసిన మనిషి. ఎవరైనా ఫోన్ చేసి మీ సాఫ్ట్‌వేర్‌తో ఫలానా తప్పు జరిగిందంటే ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట, "ఆడొక పెట్టె పెట్టండప్పా" అని. తప్పు సరిచేయమని కాదు. తప్పు చేసే ముందు ఒకసారి అడగమని. అడిగితే చాలు, ఆ తర్వాత పాపం నొక్కినవాళ్లది. ఆ తెలివి నాకు చేరిన మొదటి నెలలోనే రోత పుట్టించింది.

పశువుల మందుల అంగళ్ల కోసం చేసిన సాఫ్ట్‌వేర్‌లో ఒక పెట్టె ఉండేది. గొర్రెలకు, మేకలకు పోసే నట్టల మందుల్లో ఒక రకం ఉంది. కడుపులోని పురుగులకు బాగానే పనిచేస్తుంది కానీ, చూడి కట్టిన తొలి రోజుల్లో పోస్తే కడుపు పోతుంది. ఆ మందు బిల్లు వేయబోతే తెర మీద ఈ పెట్టె వచ్చేది: "హెచ్చరిక! గర్భస్థ పశువులకు ఈ ఉత్పత్తి నిషేధించబడినది. గర్భస్థ పశువులు లేవని నిర్ధారించనిదే కొనసాగకూడదని మీరు కోరుకోవడం లేదా?" కింద అవును, కాదు, రద్దు.

నేను దాన్ని ఎన్నిసార్లు చదివానో. ఏది నొక్కితే మందు అమ్ముడవుతుందో చదివితే తెలియదు, నొక్కి చూస్తేనే తెలుస్తుంది. అవును నొక్కితే బిల్లు వచ్చేది. ఎందుకు వచ్చేదో రాసినవాళ్లకైనా తెలుసునని నేననుకోను. అసలు రాసినవాళ్లంటూ ఉంటే కదా. మా ఓనరు ఎక్కడో విదేశీ సాఫ్ట్‌వేర్‌లోని ముక్కను తెచ్చి, మెషీన్ చేత తెలుగు చేయించి, ఒక్కసారైనా చదవకుండా అందులో పడేశాడు. మారుస్తానని అడిగాను. "అయ్యన్నీ ఎవురు చదువుతారమ్మా, ఉండనీ" అన్నాడు. ఎవరూ చదవని దాన్ని పెట్టడం దేనికని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. దేనికో తర్వాత తెలిసింది.

ఒకరోజు పులివెందుల నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ మా సాఫ్ట్‌వేర్ వాడే పశువుల మందుల అంగడి ఆయన. ముద్దనూరుకూ పులివెందులకూ నడుమ ఒక పల్లెలో గొర్రెలు మేపుకునే ఒకామె ఆయన దగ్గర నట్టల మందు కొనుక్కుపోయింది. మందకంతా తాపింది. వారం తిరగకముందే గొర్రెలకు వరసగా కడుపులు పోయాయి. ఆమె ఖాళీ సీసా తెచ్చి కౌంటరు మీద పెట్టి, ఇదేం మందని అడిగింది. పక్క పల్లెల గొర్రెలవాళ్లకు కూడా కబురు పాకింది. అంగడాయనకు భయం పట్టుకుంది.

మా ఓనరు ఫోన్ స్పీకర్లో పెట్టి, ఇంకో చేత్తో మౌసు కదిలిస్తూ వెతికాడు. దొరగ్గానే ఆయన మొహం వెలిగిపోయింది.

"అన్నా, మా సాఫ్ట్‌వేరు వార్నింగు ఇచ్చినాదన్నా. మీ కౌంటర్లో పాప అవును నొక్కింది. టైముతో సహా ఈడ ఉండాది. ప్రింటు పంపిస్తా చూసుకో."

"అట్లయితే ఆ పాపనే పనిలోంచి తీసేస్తాలే. ఆ గొర్రెలోళ్లకు నేను చెప్పుకునేదానికి ఏదో ఒగటి ఉండల్ల గదా" అన్నాడు అంగడాయన.

ఇద్దరూ ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారో. కడుపులు పోయిన గొర్రెల మాట ఇద్దరిలో ఎవరికీ గుర్తు లేదు. నాకు ఆ గదిలో కూర్చోబుద్ధి కాలేదు. ఈ పెట్టెలు ఎందుకు పుడతాయో ఆ పూట నాకు బాగా తెలిసొచ్చింది. ప్రమాదం ఆపడానికి కాదు, జరిగాక ఒకరి మెడకు చుట్టడానికి.

ఆ కౌంటర్లో అమ్మాయిని నేను ఎరుగుదును. సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు నేర్పించింది నేనే. డిగ్రీ చదివింది. తండ్రి మిషన్ బడిలో టీచరు, పోయాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తుంది. ఆ ఉద్యోగం పోతే పోయేది జీతం ఒక్కటే కాదు. తప్పుడు మందిచ్చిందని ఒక అంగట్లోంచి తీసేస్తే ఆ ఊళ్లో ఇంకే మందుల అంగడీ ఆమెను గడప తొక్కనివ్వదు.

నేను పోయి చూసొస్తానన్నాను.

"పోయిరామ్మా. కానీ మన తప్పు అనే మాట మాత్రం నీ నోట్లోంచి రాకూడదు" అన్నాడు ఓనరు.

మర్నాడు ఎర్రగుంట్ల మీదుగా పోయాను. రైలు గేటు దగ్గర సిమెంటు లారీలు వరసకట్టి నిలబడి ఉంటే బస్సు కదల్లేదు. కూర్చున్నచోటే కాగితం తీసి ఆ పెట్టెను కొత్తగా రాశాను. "ఈ మందు చూడి జీవాలకు తాపితే కడుపు పోతుంది. చూడి జీవాలు ఉన్నాయా?" కింద రెండే మీటలు. "ఉన్నాయి, అమ్మొద్దు" అని ఒకటి, "లేవు, అమ్ము" అని ఇంకొకటి. చిన్నపిల్లకు కూడా అర్థమవుతుంది. ముద్దనూరు దాటేసరికి దాన్ని చూసి నాకే ముచ్చటేసింది. ఇంత చిన్న మాట రాయడానికి ఇంతకాలం ఒప్పుకోని మనిషి మీద దారి పొడవునా పళ్లు నూరుతూనే ఉన్నాను.

అంగడి నిండా జనం. ఆ అమ్మాయి నన్ను చూసి తల దించుకుంది. ప్రింటు తెచ్చింది నేనే అనుకుని ఉంటుంది. అంగడాయన గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి కుర్చీ వేయబోతే వద్దని, దాణా మూటల పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఒక పూటంతా చూడాలని వచ్చాను. నా పనిలో చూడటమే సగం. తెర ముందు కూర్చున్నవాళ్లు ఏం చెబుతారో దాన్ని బట్టి కాదు, ఏం చేస్తారో దాన్ని బట్టి పెట్టె రాయాలి.

ఆ అమ్మాయి పెట్టెను చదవడం ఎప్పుడో మానేసింది. అది తెర మీదికి రాగానే తలెత్తి, కౌంటరుకు అవతల ఉన్న మనిషికి వినబడేట్టు గట్టిగా అడుగుతుంది, "మామా, సూడివి ఉండాయా?" అని. అంగట్లో ఫ్యాను చప్పుడు, బయట ఆటోల చప్పుడు. గట్టిగా అడక్కపోతే వినపడదు.

బండి తాళం వేలికి తిప్పుకుంటున్న ఆయన ఆగిపోయాడు. అటూ ఇటూ చూశాడు. "యాడివి పాపా, ఏమీ లేవు" అన్నాడు. ఆమె అవును నొక్కింది. మందిచ్చింది.

తర్వాత ఒకామె వచ్చింది. ఆమెనూ అదే అడిగింది. "మా జీవాలు సూడి కట్టేది ఇంగెప్పుడులే" అంది ఆమె, మొహం పక్కకు తిప్పుకుని. అవును. మందు.

ఆ తర్వాత ఒక పెద్దాయన. "నీకెందుకు పాపా అయ్యన్నీ. మందియ్యి" అన్నాడు. అవును. మందు.

నేను బయటికి చూశాను. వానలు పడి మేత ఉన్న కాలం. దారి పొడవునా బస్సు కిటికీలోంచి చూసిన మందల్లో చూడి గొర్రెలు లేని మంద ఒక్కటైనా ఉంటుందా? వీళ్లందరూ చెప్పేది నిజమైతే ఈ ప్రాంతంలో వచ్చే ఈతల కాలానికి ఒక్క గొర్రెపిల్లైనా పుట్టకూడదు.

అప్పుడు అర్థమైంది. అర్థం కావడానికి అంతసేపు పట్టినందుకు నామీద నాకే చిరాకేసింది. నేనూ ఈ నేల మనిషినే. మా పెద్దమ్మాయి కడుపున పడ్డప్పుడు జమ్మలమడుగులో ఒళ్లు నొప్పుల మాత్రలకు పోతే, మందులాయన పదిమందిలో "కడుపుతో ఏమైనా ఉండావామ్మా?" అని అడిగాడు. టక్కున లేదన్నాను. మాత్రలు తెచ్చుకుని కాలువలో పారేశాను. మూడో నెల నిండేదాకా ఇంట్లోవాళ్లు తప్ప ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే కన్ను పడుతుంది. మనుషుల కడుపు సంగతే అంత దాచేవాళ్లు, మందంతా చూడి కట్టిందని నడిబజార్లో ఎవరైనా చాటుకుంటారా? గొర్రెలవాళ్లు మందెంత అని అడిగినా తిన్నగా చెప్పరు, ఏవో ఉండాయిలే అంటారు. వాళ్లను పట్టుకుని, నీ సంపదంతా ఎవరి కడుపులో ఉందో కేకేసి చెప్పు అని మా పెట్టె అడుగుతోంది.

సంచిలో ఉన్న నా కాగితం గుర్తొచ్చింది. నేను రాసిన ప్రశ్న ఎంత తేటగా ఉంటే జవాబుగా వచ్చే అబద్ధం అంత తేటగా ఉంటుంది. అంతే తేడా. దాన్ని నలిపి దాణా మూటల వెనక్కి విసిరాను.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆ అమ్మాయి నా పక్కన వచ్చి నిలబడింది.

"అక్కా, నేను అడిగినా. ఆయమ్మ లేవనింది. దేవుని తోడు. కానీ కంప్యూటర్లో నేను అవును నొక్కినట్ల ఉండాదంట. నేను అడిగింది దాంట్లో లేదంట."

"లేవని ఎందుకనిందో తెలుసా నీకు?"

"అందరూ అట్లనే అంటారక్కా. మా సారుకు గూడా తెలుసు. సూడివి ఉండాయా అని అడుగు, లేవంటారు, అవును నొక్కు, బిల్లు వస్తాది అని చెప్పినదే ఆయన."

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆ పెద్దమనిషి వైపు చూశాను. నోట్లు దులిపి సరిచేస్తున్నాడు. తెలుసు. అందరూ అబద్ధం చెబుతారని తెలుసు, ఆ అబద్ధం మీద మందు అమ్ముకోవచ్చని తెలుసు, పిల్ల మీదికి నెట్టొచ్చని కూడా తెలుసు. నేను ఆఫీసులో చూసింది ఏమంత పెద్ద రోత కాదనిపించింది.

రెండు రోజుల తర్వాత ఆ అంగట్లోనే పంచాయితీ. మా ఓనరు కారులో, ప్రింటు తీసిన కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చాడు. నన్నూ వెంట రమ్మన్నాడు. గొర్రెలామె, ఆమె భర్త వచ్చారు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. ఎండకు నల్లబడ్డ మనిషి, చీర కొంగు బిగించి దోపుకుంది. అంగట్లో ఎప్పటిలాగే జనం. ఎవరూ పోలేదు సరికదా, ఏం జరుగుతుందో చూద్దామని బయట ఉన్నవాళ్లూ లోపలికి వచ్చారు. కౌంటరు వెనక ఆ అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

అంగడాయన మెత్తగా మొదలుపెట్టాడు. "సూడక్కా, మా సాఫ్ట్‌వేరు హెచ్చరించింది. ఈ పాపే సూసుకోకుండా మందిచ్చేసింది. దీన్ని తీసేస్తాండా. నీకు దీని జీతంలోంచి ఎంతో కొంత ఇప్పిస్తా. మందియ్యక ముందు ఇది నిన్నేమీ అడగలేదు గదా? అడగలేదని చెప్పు, అయిపోతాది."

ఎంత నున్నగా అడిగాడో. ఆమె అడగలేదంటే చాలు, అందరికీ బాగుంటుంది. అంగడాయన బయటపడతాడు, మా ఓనరు బయటపడతాడు, ఆమెకు కాస్త దుడ్లు వస్తాయి. ఊరికే ఉన్నా చాలు. ఒక్క అమ్మాయి రోడ్డున పడుతుంది, అంతే. నిజం చెప్పాలంటే మాత్రం ఆ జనం మధ్య నోరు విప్పి, ఆ రోజు దాచిన మాట బయట పెట్టాలి. అదంతా ఆమె మొహం మీద కనబడుతూనే ఉంది. జనాన్ని చూసింది. భర్తను చూసింది. గోడకు ఆనుకున్న అమ్మాయిని చూసింది.

"అడిగింది" అంది.

"ఏందక్కా?"

"అడిగింది అంటాండా. సూడివి ఉండాయా పిన్నమ్మా అని అడిగింది. లేవని నేనే చెప్పినా. మందలో శానావరకు సూడియే. పోయినవి పోంగా ఇంగా కొన్ని ఉండాయి, అవీ సూడియే. చాల్నా? అందరికీ ఇనపడిందా?"

భర్త ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. "ఏందే ఆ మాటలు, నలుగుర్లో" అన్నాడు. ఆమె కన్ను పడకుండా గడప దాకా పోయి బయటికి ఉమ్మింది. మళ్లీ లోపలికి వచ్చింది.

"ఆ మిషన్లో ఆ మాట రాసినోళ్లు ఎవురు?"

మా ఓనరు నా వైపు చూశాడు. ఆయన చూడగానే అందరూ నా వైపే చూశారు. ఆ మాట రాసింది నేను కాదని చెప్పొచ్చు. ఆ క్షణంలో అది చెప్పుకోవడం కూడా ఆ ఇద్దరు మగాళ్లు చేస్తున్న పనే అవుతుందనిపించి నోరు మూసుకున్నాను.

"నువ్వు గూడా బిడ్డల తల్లివే గదా పాపా. నడిబజార్లో నిలబెట్టి అడిగే మాటనా అది?" అంది ఆమె.

అమ్మాయి ఉద్యోగం నిలిచింది. అంతమంది విన్నాక తీసేయడానికి అంగడాయనకు మొహం చెల్లలేదు. తిరిగి వస్తుంటే మా ఓనరు కారులో మహా హుషారుగా ఉన్నాడు. "సూసినావామ్మా, కస్టమరే అబద్ధం చెప్పింది. మన సాఫ్ట్‌వేర్‌ది ఏం తప్పు లేదు. ఇంగో పెట్టె పెడదాం. కస్టమరు చెప్పింది నిజమేనని మీరు ధృవీకరిస్తున్నారా అని. ఏమంటావు?"

ముద్దనూరులో దింపేయమన్నాను. ఇక్కడేం పని అన్నాడు. బస్సులో వస్తానన్నాను. ఆ మనిషి పక్కన ఇంకో ఊరు దాకా కూర్చోవడం నావల్ల కాలేదు.

బస్టాండులో కూర్చుని ఆలోచించాను. ఆ తర్వాత ఇంట్లో, ఆఫీసులో, బస్సులో అదే ఆలోచన. పెట్టె ప్రశ్న అడుగుతున్నంతకాలం ఎవరో ఒకరు నలుగురిలో జవాబు చెప్పాల్సి వస్తుంది. అందుకని ప్రశ్నే తీసేశాను. ఆ మందు పేరు కొట్టగానే తెర మీద రెండు మందులు పక్కపక్కన కనబడతాయి. ఒకదాని కింద "చూడి లేనివాటికి", ఇంకోదాని కింద "చూడివాటికి" అని పెద్ద అక్షరాల్లో. చూడి జీవాలకు ఏమీ కాని నట్టల మందు వేరే ఉంది, అంగళ్లన్నిట్లోనూ ఉంటుంది. కౌంటరు మనిషి ఏమీ అడగక్కర్లేదు. రెండు సీసాలూ తెచ్చి ముందు పెట్టి, ఏది దేనికో చెబితే చాలు. కావాల్సింది వాళ్లే తీసుకుంటారు. నోరు విప్పే పని లేదు.

జమ్మలమడుగులో మా ఇంటికి దగ్గరున్న అంగట్లో ముందు పెట్టి చూశాం. నేనూ వెళ్లి కూర్చున్నాను. ఒకాయన వచ్చి పాత మందే అడిగాడు. రెండు సీసాలూ ముందుకొచ్చాయి. ఏది దేనికో చెప్పారు. ఆయన కాసేపు వేరేవైపు చూసి, గడ్డంతో రెండోదాన్ని చూపించి, "అది గూడా ఒగటి ఇయ్యి. మాకు గాదు, మా బామ్మర్ది జీవాలకు" అన్నాడు. తర్వాత వచ్చినామె పక్కింటోళ్లకని తీసుకుంది. ఆ రోజు సాయంత్రం దాకా వచ్చినవాళ్లు కొన్న రెండో మందంతా బామ్మర్దులకూ పక్కింటోళ్లకూనే. నవ్వాగలేదు నాకు. ఆ గొడవ మొదలైనప్పటి నుంచీ నేను నవ్వింది అదే.

ఆ సంతోషం కూడా మా ఓనరు మిగల్చలేదు. ప్రశ్న లేని పెట్టెను మిగతా అంగళ్లలో పెట్టడానికి ఆయన ముందు ససేమిరా అన్నాడు. నొక్కినట్టు సాక్ష్యం ఉండదు కదా అని. తర్వాత జమ్మలమడుగు అంగడాయన ఫోన్ చేసి, రెండో మందు ధర ఎక్కువ, అది ఇప్పుడు బాగా అమ్ముడవుతోందని చెప్పాడు. అంతే, మరుసటి వారానికల్లా అన్ని అంగళ్లలోనూ పెట్టించాడు. అమ్మకాలు పెంచే పెట్టె అని చెప్పుకుని తిరిగాడు. జీవాల కడుపులు నిలుస్తాయని నేను నెత్తీనోరూ బాదుకుంటే వినని మనిషి లాభం అనగానే విన్నాడు. ఆపైన నాకు చెప్పకుండా రెండు సీసాల కింద సన్నని అక్షరాల్లో ఒక ముక్క తగిలించాడు: "ఎంపిక బాధ్యత పూర్తిగా కొనుగోలుదారుదే." తీసేయమని పోట్లాడాను. తీయలేదు. ఆ ముక్క ఇప్పటికీ అక్కడే ఉంది. చూసినప్పుడల్లా తెర మీద ఎవరో ఉమ్మినట్టుంటుంది.

గొర్రెలు ఈనే కాలం వచ్చింది. ఒకరోజు పులివెందుల అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, ఆయమ్మ మా అంగడికి వచ్చేది మానుకుంది. మిగిలిన గొర్రెలు ఈనినాయంట. పిల్లలు శానావరకు బతకలేదంట. నలుగుర్లో చెప్పినందుకే పొయినాయి అంటాదంట. నాకు నిద్ర పట్టల్యా."

ముందు పులివెందులలో పశువుల డాక్టరును అడిగాను. ఆ మందు తొలి రోజుల్లో పడితే కొన్నిటికి కడుపు పోతుంది, నిలిచినవాటికి పిల్లలు అవిటివి పుట్టొచ్చు అన్నాడు. అప్పటికి చూడి ముదిరిన గొర్రెలకైతే ఏమీ కాకపోవచ్చని కూడా అన్నాడు. ఆ మాటలు మూటగట్టుకుని ఆ పల్లెకు పోయాను. ఆమెకు చెప్పి ఆ బరువు దించాలని.

ఇంటి వెనక దొడ్లో ఉంది ఆమె. చావకుండా మిగిలిన ఒక పిల్లను ఒళ్లో పెట్టుకుని పాలు పడుతోంది. దాని ముందుకాళ్లు వంకర తిరిగి ఉన్నాయి. నిలబడలేదు. నన్ను గుర్తుపట్టింది, కూర్చోమనలేదు.

"పెద్దమ్మా, ఇది నువ్వు చెప్పినందుకు జరిగింది కాదు. ఆ మందు వల్లే. డాక్టరును అడిగి వచ్చాను. తొలి నెలలో ఆ మందు పడితే పిల్లలు ఇలాగే పుడతాయంట. నువ్వు అంగట్లో మాట్లాడేటప్పటికే కడుపులో జరగాల్సింది జరిగిపోయింది" అన్నాను.

ఆమె అంతా విన్నది. పిల్ల మూతి తుడిచింది.

"అదే మందు మా ఊళ్లో ఇంగా ఇద్దరు తాపినారు పాపా. అదే అంగట్లో తెచ్చినారు. వాళ్ల పిల్లలు ఎగురుతాండాయి, పోయి సూడు. నలుగుర్లో నోరు తెరిచి చెప్పింది నేనొక్కదాన్నే."

వాళ్ల గొర్రెలకు అప్పటికే చూడి ముదిరి ఉంటుందని చెప్పబోయాను. నెలల లెక్క నా నోటి దాకా వచ్చింది. ఒళ్లో ఆ పిల్లను చూసి చెప్పలేకపోయాను.

"ఆ పాప పనిలోనే ఉండాదా?" అని అడిగింది ఆమె.

ఉందని చెప్పాను.

"ఉండనీ. ఇంగ ఎవురినీ ఏమీ అడగొద్దని చెప్పు దానికి."